లక్షన్నర గాలం కర్ర, రెండొందల చాట: వెదురు అదే, లెక్కలే వేరు

క్లుప్తంగా: చేత్తో చేసిన వెదురు ఫ్లై రాడ్ (ఈకల ఈగతో చేప పట్టే గాలం కర్ర) ధర లక్ష రూపాయల దగ్గర మొదలై మూడు నాలుగు లక్షల దాకా పోతుంది. దాని వెనక ఉన్నది పది గంటలో ఇరవై గంటలో పని కాదు, నలభై నుంచి అరవై గంటలు. ఒకప్పుడు ఈ రాడ్లకి ముడిసరుకు భారతదేశం నుంచే పోయేది, అదే జాతి వెదురు ఇప్పటికీ నల్లమలలో పెరుగుతోంది. అంతకన్నా మంచి, చవకైన కార్బన్ రాడ్లు వచ్చి యాభై ఏళ్లయినా ఆ చేతిపని అమెరికాలో బతికే ఉంది. ప్లాస్టిక్ తట్ట రాగానే మన మేదరి పని కుంగిపోయింది. ఈ తేడా ఎక్కడ పుట్టిందన్నదే ఇక్కడి ప్రశ్న.

వెదురు గాలం కర్ర రెండు వేల డాలర్లు అని ఎక్కడైనా చదివితే నల్లగొండ, పాలమూరు వైపు ఎవరికైనా ముందు నవ్వే వస్తుంది. చెరువు కట్ట మీద పిల్లలు ఓ కంకబొంగుకి దారం కట్టి, ఎర్రను గుచ్చి, సాయంత్రానికి పులుసుకి సరిపడా జెల్లలు పట్టుకుని ఇంటికి పోతుంటారు. అదే పనికి రెండు వేల డాలర్లేంటి అనిపించడం సహజం. అసలు చిక్కు ఏంటంటే అది అదే పని కాదు.

మన గాలం వేరు, ఆ గాలం వేరు

మన దగ్గర గాలం విసిరితే ముందు పోయేది బరువు. ఎరకో, సీసం గుండుకో, బెండుకో ఉన్న బరువు ముందుకు దూకి దారాన్ని వెంట లాక్కుపోతుంది. కర్ర చేసేదల్లా చెయ్యి పొడుగు పెంచడం, చేప పడ్డాక విరక్కుండా ఆగడం. అందుకే వంకర బొంగైనా, సైకిల్ రిమ్ముకున్న పుల్లంత సన్నగా ఉన్నా నడిచిపోతుంది.

ఫ్లై ఫిషింగ్‌లో కొక్కానికి ఉండేది ఈకలు, దారప్పోగులతో కట్టిన ఉత్తుత్తి ఈగ. చల్లటి ఏళ్లలో ఉండే ట్రౌట్ చేప నీటి మీద వాలే పురుగుల్ని తింటుంది కాబట్టి దాన్ని మోసం చేయడానికి ఈ ఏర్పాటు. ఈ ఈగకి బరువు ఉండదు, ఎంత బలంగా విసిరినా ఊదేసిన ఈకలాగా ముక్కు ముందే పడుతుంది. కాబట్టి బరువంతా దారంలో పెట్టారు. లావుగా, చివరికి పోయేకొద్దీ సన్నబడే తాడు అది. బాగా వాడుకలో ఉన్న 5 నంబరు తాడులో మొదటి 30 అడుగుల బరువు సుమారు 9 గ్రాములు. కర్ర వెనక్కి, ముందుకి వంగుతూ ఆ తొమ్మిది గ్రాముల్ని కొరడా ఝళిపించినట్టు గాలిలో చుట్ట విప్పుతుంది. ఆ చుట్ట విచ్చుకుని చివరికి వచ్చేసరికి ఈగ నీటి మీద చప్పుడు లేకుండా వాలాలి.

అంటే ఇక్కడ కర్ర ఒక స్ప్రింగు. మొదలు దగ్గర ఎంత లావుండాలి, ఎక్కడి నుంచి ఎంత సన్నబడాలి, ఏ చోట ఎంత వంగాలి అన్నదే మొత్తం విషయం. ఈ పనివాళ్ల భాషలో దీన్ని టేపర్ అంటారు. ఒక కర్ర బిగుతు దాని లావుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. కొస దగ్గర ఫ్లై రాడ్ మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ చోట అంగుళంలో వెయ్యో వంతు ఎక్కువైతే, అంటే మన వెంట్రుక మందంలో సగం కూడా లేనంత తేడాకి, బిగుతు ఆరు శాతం దాకా మారిపోతుంది. చేతికి తేడా తెలిసిపోతుంది, తాడు విచ్చుకునే తీరు మారిపోతుంది. అరవై గంటల పని ఎందుకో ఇక్కడ అర్థం కావడం మొదలవుతుంది.

(ట్రౌట్ మన వైపు బతకదు. దేశంలో అది ఉండేది కశ్మీర్, హిమాచల్, నీలగిరులు, మున్నార్ లాంటి చలి ప్రాంతాల్లో, అదీ బ్రిటిష్ వాళ్లు తెచ్చి వదిలిందే. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమట్టకి ఈకల ఈగ కన్నా బతికున్న కప్ప పిల్ల మీదే మనసెక్కువ.)

ఆరు దబ్బలు కలిస్తే ఒక కర్ర

వెదురు రాడ్ అంటే బొంగును బొంగులా వాడడం కాదు. బొంగును నిలువునా చీల్చి, ఒక్కో దబ్బను మూడు మూలల పుల్లగా చెక్కి, అలాంటివి ఆరింటిని కలిపి అతికిస్తే ఆరు పలకల కర్ర వస్తుంది. చూడడానికి పెన్సిల్‌లా ఉంటుంది, లోపల బోలు ఉండదు. ఎందుకింత తిప్పలు అంటే వెదురు గుణం అలాంటిది. బొంగును అడ్డంగా కోసి చూస్తే పైతోలు దగ్గర ముదురు రంగు చుక్కలు దట్టంగా, లోపలికి పోయేకొద్దీ పలచగా కనిపిస్తాయి. ఆ చుక్కలే నార. బలమంతా పైన ఉన్న రెండు మూడు మిల్లీమీటర్లలోనే ఉంటుంది, లోపలిదంతా మెత్తటి గుజ్జు. దబ్బను ముక్కోణంగా చెక్కి తోలు బయటికి ఉండేట్టు ఆరింటిని చేరిస్తే కర్ర చుట్టూరా నారే ఉంటుంది, గుజ్జు చాలావరకు పోతుంది.

ఈ సంగతి మేదరి ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. చాట అంచుకి, గంప మూతికి వాడేది పైతోలు దబ్బ. లోపలి దబ్బ బరువు పడని చోటుకే పనికొస్తుంది. భూమ్మీద కూర్చుని, బద్దను కాలి బొటనవేలితో నొక్కిపట్టి, కత్తిని కదలకుండా ఉంచి బద్దనే వెనక్కి లాగుతూ తోలు వేరు, గుజ్జు వేరు చేయడం మేదరి పనిలో మొదటి పాఠం. రాడ్ చేసేవాళ్లు రంద వాడతారు, వీళ్లు కత్తి వాడతారు. చేతికి తెలిసిన విషయం మాత్రం ఒకటే.

రాడ్ పని వరసగా చెప్పుకుంటే ఇలా ఉంటుంది. బాగా ఆరిన బొంగును ఎంచుకుంటారు. దాన్ని సగానికి, మళ్లీ మళ్లీ చీలుస్తూ పోతారు, కోయరు, ఎందుకంటే కోస్తే రంపం నారను అడ్డంగా తెంపేస్తుంది, చీలిస్తే నార వెంట చీలుతుంది. ప్రతి దబ్బలో కణుపులు ఉంటాయి, అవే బలహీనమైన చోట్లు. ఆరు దబ్బల కణుపులూ ఒకే చోటికి వస్తే కర్ర అక్కడే విరుగుతుంది కాబట్టి ఒకదాని కణుపు పక్కదాని కణుపుకి ఎదురు రాకుండా జరిపి పెట్టుకుంటారు. కణుపు ఉబ్బును ఆకురాయితో తీసి, వేడి చేసి, బిగింపులో నొక్కి తిన్నగా చేస్తారు. తర్వాత దబ్బలన్నిటినీ కట్టగట్టి ఓవెన్‌లో సుమారు 175 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర కొన్ని నిమిషాలు కాలుస్తారు, దీంతో మిగిలిన తేమ పోయి దబ్బకు బిగుతు వస్తుంది, వంగినా తిరిగి తిన్నగా అవుతుంది.

అసలు నైపుణ్యం ఆ తర్వాతే. రెండు పొడవాటి ఉక్కు కడ్డీలను పక్కపక్కన బిగించి, మధ్యలో V ఆకారపు గాడి ఉండేట్టు చేసిన అచ్చు ఒకటి ఉంటుంది. ప్రతి ఐదు అంగుళాలకీ ఒక మర. ఆ మరలు తిప్పి గాడి లోతును కావలసిన టేపర్‌కి సరిచేస్తారు. దబ్బను తోలు వైపు గాడి గోడకి ఆనించి పెట్టి, పైకి తేలిన భాగాన్ని చిన్న రందతో తీస్తూ పోతారు, రెండు సార్లు తోస్తే తిప్పి రెండో ముఖం, మళ్లీ మొదటిది. తోలు వైపు మాత్రం రంద తగలనివ్వరు, ఎందుకంటే కొనుక్కున్నదే ఆ నార కోసం. చివరి దశలో రంద నుంచి వచ్చే పొట్టు ఉల్లిపొర కన్నా పలచగా, అవతలి వైపు వెలుతురు కనిపించేట్టు ఉంటుంది. కొస దగ్గర ఒక్కో పుల్ల మందం మిల్లీమీటర్ కన్నా తక్కువ. అక్కడ రంద కొంచెం ఎగబడితే అప్పటిదాకా పెట్టిన గంటలన్నీ పొయ్యిలోకే.

మామూలుగా ఒక రాడ్‌కి కింది ముక్క ఒకటి, కొసలు రెండు ఇస్తారు, కొస విరగడం ఎక్కువ కాబట్టి. అంటే ఇలాంటి పుల్లలు పద్దెనిమిది. తర్వాత జిగురు, దారంతో బిగించి కట్టడం, ఆరాక వంకరలు తీయడం. రెండు ముక్కల్ని కలిపే లోహపు గొట్టాలు నికెల్ సిల్వర్‌వి, లేత్ మీద తిప్పి ఒకదాంట్లో ఒకటి పట్టేట్టు చేయాలి, లాగితే చిన్నగా టప్‌మని ఊడాలి. కార్క్ పిడి, దారం పోయే కొక్కాలను పట్టుదారంతో చుట్టడం, వార్నిష్. ఇంతా అయ్యాక ఏడున్నర అడుగుల రాడ్ బరువు సుమారు నూటపది, నూటపాతిక గ్రాములు.

కలకత్తా బొంగు

ఇప్పుడు రాడ్లకి వాడే వెదురు చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో హ్వైజీ అనే ప్రాంతంలో, సుయి నది చుట్టుపక్కల కొండల మీద పెరుగుతుంది. వ్యాపారంలో దాన్ని టోంకిన్ కేన్ అంటారు. టోంకిన్ అనేది ఉత్తర వియత్నాం పేరు, ఆ బొంగుకీ ఆ చోటుకీ సంబంధం లేదు. ఫ్లాయిడ్ మెక్‌క్లూర్ అనే వృక్షశాస్త్రవేత్త 1931లో దానికి శాస్త్రీయ నామం పెట్టేదాకా, అది ఏ జాతో కొనేవాళ్లకి సరిగా తెలియదు కూడా.

దానికి ముందు, 19వ శతాబ్దం రెండో సగంలో, అమెరికాలో రాడ్లు చేసినవాళ్లు వాడింది భారతదేశపు వెదురు. ఓడ ఎక్కింది కలకత్తాలో కాబట్టి దానికి కలకత్తా కేన్ అని పేరు పడింది. అది డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ అని గుర్తిస్తారు. మనకు బాగా తెలిసిన బొంగే. గోడలు మందంగా, పొడి నేలల్లో అయితే దాదాపు బోలు లేకుండా గట్టిగా పెరుగుతుంది, పోలీసు లాఠీలు ఎక్కువగా చేసింది దీంతోనే. నల్లమల కొండల మీద, అమ్రాబాద్ వైపు అడవిలో కనిపించే వెదురులో ఎక్కువ భాగం ఈ జాతే. వాన తక్కువ, రాతి నేల, అందుకే బొంగు సన్నంగా, బిగుతుగా వస్తుంది.

మరి దాన్ని వదిలేసి చైనా బొంగుకి ఎందుకు పోయారు? నాణ్యతే కారణం, ఇందులో కుట్ర ఏమీ లేదు. టోంకిన్ బొంగు తిన్నగా ఉంటుంది, కణుపులు దూరదూరంగా, ఉబ్బు తక్కువగా ఉంటాయి, తోలు కింద నార పొర మందంగా ఉంటుంది. కలకత్తా బొంగుకి కణుపుల ఉబ్బు ఎక్కువ, వచ్చిన సరుకులో కాలిన మచ్చలు, పురుగు రంధ్రాలు ఉండేవి. ఇంకో ముఖ్యమైన తేడా సరుకు తయారీలో ఉంది. హ్వైజీలో నరికిన బొంగుల్ని ఏటి ఇసుకతో రుద్ది తోముతారు, ఎండలో నిలబెట్టి ఆరబెడతారు, వంకర ఉన్నవాటిని వేడి చేసి సరిచేస్తారు, సైజుల వారీగా కట్టలు కడతారు. అంటే అక్కడ బొంగు అడవి నుంచి నేరుగా ఓడ ఎక్కలేదు, మధ్యలో ఒక పనివాళ్ల గుంపు దాన్ని సరుకుగా మార్చింది. ఫ్లై రాడ్ వెనక ఉన్న పనివాళ్లు అంటే అమెరికా వర్క్‌షాపులో రంద పట్టిన మనిషి ఒక్కడే అనుకోవడం సగం లెక్కే. ఇరవయ్యో శతాబ్దం మొదటి రెండు మూడు దశాబ్దాల్లో కలకత్తా కేన్ పక్కకి తప్పుకుంది.

ఇంకో చిన్న గమనిక. కలకత్తా, టోంకిన్ రెండూ అమ్మకపు పేర్లే, పెరిగిన ఊర్లు కావు. బొంగు కొట్టినవాళ్ల పేరు ఏ రాడ్ మీదా ఉండదు. చేసినవాళ్ల పేరు మాత్రం పిడికి పైన సిరాతో, చేత్తో రాసి, దాని మీద వార్నిష్ వేసి ఉంటుంది. ఈ తేడా గురించి మళ్లీ మాట్లాడుకోవాలి.

తాళం వేసిన గది నుంచి తెరిచిన పుస్తకం దాకా

చీల్చిన వెదురుతో రాడ్లు చేయడం అమెరికాలో 1840ల ప్రాంతంలో మొదలైంది. పెన్సిల్వేనియాలోని ఈస్టన్ ఊళ్లో శామ్యూల్ ఫిలిప్ అనే ఆయన తుపాకులు, వయొలిన్లు చేసేవాడు, ఆయన చేతుల్లో ఈ పద్ధతికి రూపం వచ్చిందని చెప్తారు. ఆ తర్వాత పెద్ద పేరు హైరమ్ లెనార్డ్‌ది. ఈయనా తుపాకుల పనివాడే. మెయిన్ రాష్ట్రంలో 1870 ప్రాంతంలో మొదలుపెట్టి, 1881లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ వ్యాలీకి మారాడు. దబ్బలను ముక్కోణంగా కోసే యంత్రం ఒకటి తయారుచేసి, దాన్ని తాళం వేసిన గదిలో పెట్టాడు. నమ్మకస్తులు తప్ప ఎవరూ లోపలికి పోకూడదు. అయినా దాచిన విద్య దాగదు కదా, ఆయన దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్స్, పేన్, థామస్ లాంటివాళ్లు బయటికొచ్చి సొంత దుకాణాలు పెట్టుకున్నారు. అప్పుడు అక్కడి వెదురు రాడ్ అందరూ కొనే పనిముట్టే, ఫ్యాక్టరీల్లో వేలల్లో తయారయ్యేది.

రెండు దెబ్బలు పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఫైబర్‌గ్లాస్ రాడ్లు చవకగా వచ్చాయి. 1950 చివర్లో కొరియా యుద్ధం కారణంగా అమెరికా చైనా సరుకు మీద నిషేధం పెట్టింది, అది 1971 దాకా ఎత్తలేదు. గోదాముల్లో బొంగు నిల్వ ఉన్నవాళ్లు కొంతకాలం లాగారు, లేనివాళ్లు మూసుకున్నారు. నిషేధం పోయాక ఊపిరి పీల్చుకుందామనుకునేలోపే 1970ల్లో కార్బన్ రాడ్ దిగింది. వెదురు కన్నా తేలిక, ఎక్కువ దూరం విసురుతుంది, తడికి భయపడదు, ధర తక్కువ. మామూలు వ్యాపార లెక్కలో ఇక్కడితో కథ అయిపోవాలి.

కానీ అదే సమయంలో ఒకటి జరిగింది. ఎవరెట్ గారిసన్ అనే స్ట్రక్చరల్ ఇంజినీర్ చాలా ఏళ్లుగా సొంతంగా రాడ్లు చేస్తూ, వంతెనకి లెక్క కట్టినట్టు రాడ్‌లో ప్రతి ఐదు అంగుళాలకీ ఎంత ఒత్తిడి పడుతుందో లెక్క కట్టి టేపర్లు గీసుకున్నాడు. ఆయన 1975లో చనిపోయాడు. ఆయన పద్ధతి మొత్తాన్ని, కొలతలు, పనిముట్లు, అచ్చు తయారీతో సహా, శిష్యుడు హోగీ కార్మైకేల్ 1977లో పుస్తకంగా వేశాడు. చాలాకాలం ఎక్కువగా తాళం వేసిన గదుల్లో ఉన్న పని ఎవరైనా చదివి గ్యారేజీలో మొదలుపెట్టగలిగేదిగా మారింది. ఈ రోజు రాడ్లు చేసేవాళ్లలో చాలామంది ఆ దారిలో వచ్చినవాళ్లే. రహస్యం పోతే వృత్తి పోతుందని అందరూ అనుకుంటారు, ఇక్కడ రహస్యం పోయినందుకే వృత్తి నిలబడింది.

ధర ఎక్కువ, కూలి తక్కువ

లక్షల్లో ధర చూసి చేసేవాళ్లు బాగా సంపాదిస్తున్నారనుకుంటే పొరపాటు. ఒక రాడ్ 1,500 డాలర్లకి అమ్మితే, బొంగు, లోహపు గొట్టాలు, కార్క్, పట్టుదారం, గొట్టం డబ్బా ఇవన్నీ కలిపి 300 డాలర్లు పోయాయనుకుందాం. మిగిలిన 1,200ని యాభై గంటలకి పంచితే గంటకి 24 డాలర్లు. పాడైపోయిన దబ్బలు, ఉచితంగా చేసిచ్చే రిపేర్లు, పనిముట్ల ఖర్చు ఇంకా తీయలేదు. అమెరికాలో ఇంటికొచ్చే ప్లంబర్ గంటకి అంతకన్నా చాలా ఎక్కువే తీసుకుంటాడు. ఒక్కడే కూర్చుని చేస్తే ఏడాదికి రెండు మూడు డజన్లు దాటడం కష్టం. అందుకే దీని మీదే పూర్తిగా బతికేవాళ్లు కొద్దిమంది. రిటైరైన ఇంజినీర్లు, వేరే ఉద్యోగం చేస్తూ శనాదివారాలు రంద పట్టేవాళ్లే ఎక్కువ.

మరి కొనేవాళ్లు ఎందుకు కొంటున్నారు? చేప పట్టడానికైతే కార్బన్ రాడ్ చాలు. వెదురు రాడ్ కొనేవాళ్లకి అవసరం లేదు, కాబట్టి చవకైనది రావడం వల్ల వాళ్లు పోలేదు. వాళ్లు కొంటున్నది ఒక ఫలానా మనిషి చేతిపని, ఆ మనిషి గీసిన టేపర్, పిడి మీద ఆ సంతకం, విరిగితే తిరిగి పంపిస్తే బాగుచేసి ఇస్తాడన్న భరోసా. ఏడాది, రెండేళ్లు వరసలో నిలబడి కూడా కొంటారు. పేరున్నవాళ్లు పోయాక వాళ్ల రాడ్ల ధర ఇంకా పెరుగుతుంది.

ఇక్కడి లెక్క

మేదరి పని దీనికి సరిగ్గా తలకిందులు. చాట, తట్ట, గంప, వడ్లు పోసుకునే గుమ్మి, అన్నం వార్చే సిబ్బి, కోళ్ల గూడు, పెళ్లిపందిరి తడక, ఇవన్నీ అవసరం కోసం కొన్నవి. అవసరం కోసం కొనే వస్తువుకి ఒక గుణం ఉంటుంది, అదే పని చేసే చవకైనది వస్తే కొనేవాళ్లు రెండో మాట లేకుండా మారిపోతారు. గుమ్మి పోయి గోనె సంచి వచ్చింది, సంచి కూడా నేరుగా కొనుగోలు కేంద్రానికే పోతోంది. కోతకి హార్వెస్టర్ వచ్చాక కళ్లమే లేదు, కళ్లం లేకపోతే చాటతో తూర్పారబట్టేదేముంది. కొల్లాపూర్ మామిడి గంపల్లో సర్దే రోజులు పోయి ప్లాస్టిక్ క్రేట్లు, అట్టపెట్టెలు వచ్చాయి. ఒక్క చాట మాత్రం పెళ్లిళ్లలో, నోముల్లో, బియ్యం చెరిగే ఇళ్లలో ఇంకా నిలబడి ఉంది. అంటే మిగిలింది కూడా చాలావరకు ఆచారం పట్టుకుని ఉన్నదే.

నీటి మీద వెదురు పని కూడా ఇదే దారి. కృష్ణ ఒడ్డున, మక్తల్ వైపు నుంచి గద్వాల, సోమశిల దాకా ఏరు దాటడానికి, వల వేయడానికి పుట్టి వాడేవాళ్లు. అది గుండ్రటి పెద్ద బుట్టే. లావు దబ్బలతో అడుగు నుంచి అంచుదాకా అల్లి, కింద ఒకప్పుడు తోలు తొడిగేవాళ్లు, తర్వాత ప్లాస్టిక్ సంచుల పట్టా, దాని మీద తారు. ముక్కు, తోక లేని పడవ కాబట్టి తెడ్డు ఒకే వైపు వేస్తే గిర్రున తిరుగుతుంది, తిరక్కుండా నడపడమే విద్య. ఇప్పుడు వంతెనలు, ఫైబర్ పడవలు వచ్చి పుట్టి తగ్గింది. లోతు తక్కువ నీళ్లలో చేప మీద బోర్లించే ఊత కూడా వలల ముందు నిలవలేదు.

పోల్చి చూడాల్సింది మగ్గంతో. పోచంపల్లి ఇక్కత్, గద్వాల చీర, నారాయణపేట చీర ఇక్కడివే, చుట్టుపక్కల జిల్లాలవే. పవర్‌లూమ్ చీర చవకగా దొరుకుతున్నా వాటికి కొనేవాళ్లు ఉన్నారు, మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. నేతగాళ్ల బతుకులు బాగున్నాయని కాదు, ఆ కష్టాలు వేరే వ్యాసం. కానీ ఊరి పేరు వస్తువుకి అంటుకుంది, చీర అవసరపు వస్తువు నుంచి ముచ్చట పడి కొనే వస్తువు వైపు జరిగింది. చాటకి అలాంటి ఊరి పేరు లేదు. ఏ ఊరి సంతలో కొన్నా చాట చాటే.

అడవి, చట్టం, లారీ

ముడిసరుకు సంగతి ఇంకో ముడి. వెదురు శాస్త్రం ప్రకారం గడ్డి. 1927 నాటి భారత అటవీ చట్టం దాన్ని చెట్ల లెక్కలో వేసింది. దాంతో సొంత పొలంలో పెంచుకున్నా కొట్టడానికి, తరలించడానికి పర్మిట్ల బెడద ఉండేది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, హక్కులున్న గిరిజనులకి, ఇతర అడవి వాసులకి దాని మీద అధికారం ఇచ్చింది. 2017లో సవరణ చేసి, అడవి బయట పెంచిన వెదురును చెట్టు నిర్వచనం నుంచి తీసేశారు. కాగితం మీద ఇది పెద్ద మార్పే. అయితే వెదురు నాటితే కోతకి రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, పత్తికి, వరికి అలవాటైన రైతు అంతకాలం ఆగాలంటే కొనేవాడు కనిపించాలి.

దగ్గర్లో ఉన్న అడవి మేదరికి అందదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది, దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. అక్కడి వెదురు పులికి, దుప్పికి నీడ, వ్యాపారం కోసం నరకడం కుదరదు, ఆ నిబంధనకి తగిన కారణమూ ఉంది. అక్కడ ఉండే చెంచులు విల్లు, బుట్ట, గుడిసె తడక దాకా వెదురునే వాడుకుంటూ వచ్చారు. పైగా ఈ జాతి వెదురు పాతిక, నలభై ఏళ్లకోసారి పూసి, గింజ రాల్చి, పొదంతా ఎండిపోతుంది. ఆ గింజే వెదురు బియ్యం. ఆ తర్వాత కొత్త మొలకలు బొంగులయ్యేదాకా ఏళ్లు ఆగాల్సిందే. ఇవన్నీ కలిపి, నల్లగొండలోనో వనపర్తిలోనో రోడ్డు పక్కన కూర్చుని అల్లేవాళ్లు వాడేది లారీల మీద బయటి నుంచి వచ్చి, రెండు చేతులు మారిన బొంగు. బొంగు కొన్న డబ్బు, సంతకి పోయే బస్సు చార్జీ తీసేస్తే మిగిలిందే కూలి.

ఇక్కడ ఫ్లై రాడ్ చేయొచ్చా

చేయి తిరిగిన మేదరికి దబ్బ చీల్చడం ఎవరూ నేర్పక్కర్లేదు. మిగిలినవి ఉక్కు అచ్చు, మైక్రోమీటర్, ఓవెన్, మంచి జిగురు, లేత్. ఇవేవీ అందని వస్తువులు కావు, హైదరాబాద్ బాలానగర్‌లో వెతికితే అచ్చు చేసిచ్చే వర్క్‌షాపు దొరుకుతుంది. గట్టి బొంగు జాతి కూడా ఉంది, రాడ్లకి ఒకప్పుడు పనికొచ్చిందన్న సాక్ష్యమూ ఉంది. అయినా రేపు ఎవరైనా ఇక్కడ శిక్షణ శిబిరం పెట్టి ఫ్లై రాడ్లు చేయించేస్తామంటే అనుమానంగానే చూడాలి. దేశంలో ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్లు తక్కువ, చేసేవాళ్లు కార్బన్ రాడ్లే కొంటారు. బయటి దేశాల్లో కొనేవాళ్లు సంతకం చూసి కొంటారు, ఆ సంతకానికి విలువ రావాలంటే చేసినవాడు స్వయంగా ఆ రాడ్‌తో విసిరి, తప్పు చేతికి తెలిసి, మళ్లీ చేసి, ఇలా కొన్నేళ్లు గడవాలి. చేప పట్టనివాడు రాడ్ చేయడం, పాట రానివాడు వీణ చెక్కడం లాంటిది, కొలత సరిపోవచ్చు కానీ తప్పెక్కడుందో తెలియదు.

ఎక్కువ అవకాశం ఉన్నది మరో వైపు. హైదరాబాద్ చుట్టూ రిసార్టులు, హోటళ్లు వెదురు దీపాల గూళ్లు, తెరలు, కుర్చీలు అడుగుతున్నాయి. అక్కడ కొనేది అవసరం కోసం కాదు కాబట్టి ధర ప్లాస్టిక్‌తో పోటీ పడక్కర్లేదు. మేదరి కుటుంబాల్లో కొందరు ఇప్పటికే ఆ ఆర్డర్లు చేస్తున్నారు. కానీ చాలాసార్లు మధ్యలో ఒక డిజైన్ షాపు ఉంటుంది, గూడు అడుగున ఆ షాపు స్టిక్కర్ ఉంటుంది, అల్లినవాళ్లకి ముక్క లెక్కన కూలి ముడుతుంది. రాడ్ పిడి మీద సిరాతో రాసిన పేరు పని చేసేది ఇక్కడే. ఆ పేరు ఉంటే రెండో ఆర్డర్ నేరుగా చేసినవాళ్లకి వస్తుంది, లేకపోతే షాపుకే పోతుంది.

అన్నిటికన్నా ముందు అడ్డుపడేది మాత్రం ఆరబెట్టే కాలం. చాటకి పచ్చి బొంగు కావాలి, ఈ రోజు కొంటే రేపు అల్లి ఎల్లుండి సంతలో అమ్మేయొచ్చు. దీపం గూడైనా, కుర్చీ అయినా, రాడ్ అయినా ఆరిన బొంగుతో చేయాలి, లేకపోతే ఆర్నెల్లకి పగులుతుంది, కీళ్లు వదులవుతాయి. నీళ్లలో నానబెట్టి పిండిపదార్థం పోగొట్టకపోయినా, బోరాక్స్ మందు పట్టించకపోయినా పురుగు పట్టి పిండి రాలుతుంది. అంటే నూరు బొంగులు కొని, నెలల తరబడి నీడన నిలబెట్టి, అప్పటిదాకా వాటి మీద పైసా రాకుండా ఇల్లు గడపాలి. వారం వారం సంత డబ్బుతో బియ్యం తెచ్చుకునే ఇంట్లో ఆ నూరు బొంగులు నీడన ఎన్నాళ్లు నిలబడతాయన్నది చూడాలి, పెళ్లిళ్ల సీజన్ రాగానే చాటలైపోవడానికే ఎక్కువ వీలుంది.